విన్‌మెర్జ్‌లో ప్యాచ్ అప్లై చేయడం ఎలా?

ప్రశ్న: ఫైళ్ల మధ్య తేడాలు చూసుకోవడానికి మా ఆఫీసులో విన్‌మెర్జ్ వాడుతున్నాం. బయటి ప్రోగ్రామర్ ఒకరు తాను చేసిన సవరణలన్నీ ఒకే ప్యాచ్ ఫైలుగా మెయిల్ చేశారు. దాన్ని విన్‌మెర్జ్‌లో తెరిస్తే ప్లస్, మైనస్ గుర్తులున్న మామూలు టెక్స్ట్ కనిపిస్తోందే తప్ప, అప్లై చేసే ఆదేశం ఏ మెనూలోనూ దొరకలేదు. అది ఎక్కడుంటుంది?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఎక్కడా ఉండదు. విన్‌మెర్జ్ ప్యాచ్‌ను తయారు చేయగలదు కానీ, అప్లై చేయలేదు. టూల్స్ మెనూలో ప్యాచ్ తయారుచేసే ఆదేశం ఉండడం వల్ల, దానికి జోడీగా రెండోది కూడా ఎక్కడో ఉండే ఉంటుందని చాలామంది వెతుకుతూ ఉంటారు. ఆ పనికి వేరే ప్రోగ్రామ్ కావాలి. 1985లో లారీ వాల్ రాసిన ‘ప్యాచ్’ అనే చిన్న ప్రోగ్రామే, గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు రూపంలో, నేటికీ ఇందుకు ఎక్కువగా వాడుకలో ఉంది. విండోస్‌లో గిట్‌ను (కోడులో మార్పుల చరిత్రను భద్రపరిచే ప్రోగ్రామ్) ఇన్‌స్టాల్ చేసుకుంటే దానితోపాటే ఇదీ వస్తుంది. దీన్ని గిట్‌తో వచ్చే గిట్ బ్యాష్ అనే ఆదేశాల విండోలోనే నడపమని నా సలహా. ఎందుకంటే విండోస్ సొంత ఆదేశాల విండో అయిన పవర్‌షెల్‌లో ‘<’ గుర్తుతో ఫైలును అందించడం కుదరదు.

ఆదేశం ఇచ్చే ముందు ప్యాచ్ ఫైలును ఒకసారి చదవండి. ప్రతి ఫైలుకూ మొదట --- తో పాత పేరు, +++ తో కొత్త పేరు ఉంటాయి. వాటి కింద @@ -41,7 +41,8 @@ వంటి వరుస వస్తుంది. పాత ఫైలులో 41వ లైను నుంచి 7 లైన్లు తీసుకుంటే, మార్పు తర్వాత అవి 8 అవుతాయని దాని భావం: పైన 3, కింద 3 మారని లైన్లు, మధ్యలో ఒకటి తీసివేత, రెండు చేర్పులు. మార్పు ఎక్కడ జరగాలో ప్రోగ్రామ్‌కు ఆనవాలు చూపించేవి ఆ మారని లైన్లే. మీ ఫైలులో పైన ఎవరో 12 లైన్లు చేర్చినా, ప్యాచ్ ఆ ఆనవాళ్లను వెతుక్కుంటూ 53వ లైనుకు వెళ్లి, ‘ఆఫ్‌సెట్ 12 లైన్స్’ అని చెప్పి పని పూర్తిచేస్తుంది. ఆనవాళ్లు పూర్తిగా కుదరకపోతే అంచున ఉన్న ఒకటి రెండు లైన్లను పట్టించుకోకుండా మళ్లీ ప్రయత్నిస్తుంది. దాన్నే ‘ఫజ్’ అంటారు. ఆఫ్‌సెట్ చూసి కంగారు పడనక్కర్లేదు గానీ, ‘ఫజ్ 2’ అని కనిపించిన చోటును మాత్రం స్వయంగా తెరిచి చూడవలసిందే, ఎందుకంటే దాదాపు ఒకేలా ఉన్న రెండు ఫంక్షన్లుంటే మార్పు తప్పు చోట కూర్చునే ప్రమాదం అక్కడే ఉంది.

ఇక పద్ధతి. ప్రాజెక్టు ఫోల్డరుకు నకలు తీసి, ఆ నకలులోకి వెళ్లి, ‘ప్యాచ్ --డ్రై-రన్ -పీ1 < సవరణ.ప్యాచ్’ అని ఇవ్వండి (తెర మీద ఇవన్నీ ఇంగ్లిషు అక్షరాలతోనే టైపు చేయాలి). డ్రై-రన్ ఏ ఫైలునూ తాకకుండా ఫలితం ఎలా ఉండబోతుందో మాత్రమే చెబుతుంది. గిట్‌తో తయారైన ప్యాచ్‌లలో ఫైళ్ల పేర్ల ముందు ‘ఏ/’, ‘బీ/’ అనే ఉత్తుత్తి ఫోల్డర్లు ఉంటాయి; -పీ1 ఆ ఒక్క మెట్టును తొలగిస్తుంది. ఏ ఫైలుకు అప్లై చేయాలి అని ప్రోగ్రామ్ మిమ్మల్నే అడిగిందంటే, చాలాసార్లు ఈ అంకె తప్పయి ఉంటుంది, లేదా మీరు వేరే ఫోల్డరులో ఉండి ఉంటారు. అంతా సరిగా ఉంటే డ్రై-రన్ తీసేసి అదే ఆదేశం మళ్లీ ఇవ్వండి.

విన్‌మెర్జ్ అవసరం ఇప్పుడు వస్తుంది. అసలు ఫోల్డరును, నకలును పక్కపక్కన పోల్చి, తేడా చూపుతున్న ఫైళ్లు ప్యాచ్‌లో పేర్కొన్నవేనా, అంతకు మించి ఏమైనా మారాయా అని సరిచూసుకోండి. నకలులో ‘.రెజ్’ చివర ఉన్న ఫైలు కనిపిస్తే, అందులో ఉన్నది ప్యాచ్ కుదర్చలేక వదిలేసిన భాగం. దాన్ని చదువుతూ విన్‌మెర్జ్‌లోనే ఆ మార్పును చేత్తో చేయాలి. కమాండ్‌లంటే ఇష్టం లేనివారికి టార్టాయిస్‌ఎస్‌వీఎన్‌తో వచ్చే టార్టాయిస్‌మెర్జ్ ఉంది. అది ప్యాచ్‌ను తీసుకుని, ఫలితాన్ని పక్కపక్కన చూపించి, మీరు ఒప్పుకున్నాకే సేవ్ చేస్తుంది.

ప్రశ్న: మేము ఒక సాఫ్ట్‌వేర్‌కు తెలుగు అనువాదం చేస్తున్నాం. తోటి సభ్యురాలు పంపిన ప్యాచ్‌ను నా దగ్గరున్న అనువాద ఫైలుకు అప్లై చేస్తే కొన్ని భాగాలు తిరస్కరణకు గురవుతున్నాయి. రెండు లైన్లనూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూశాను. ఏ తేడా లేదు. కారణమేమిటి?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ప్యాచ్ ప్రోగ్రామ్‌కు అక్షరాలు తెలియవు, బైట్లు మాత్రమే తెలుసు. తెలుగులో కంటికి కనిపించని తేడాలకు కొదవ లేదు. ‘ఫైల్’ వంటి పొల్లుతో ముగిసే మాట చివర కొన్ని కీబోర్డులు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అదృశ్య అక్షరాన్ని చేరుస్తాయి. పదం మధ్యలో అది ఒత్తు పడకుండా ఆపుతుంది గనుక అక్కడ దాని ప్రభావం కనిపిస్తుంది; పదం చివర, ఖాళీకి ముందు ఉంటే మాత్రం ఉన్నా లేనట్టే కనిపిస్తుంది, అయితే అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు ఆక్రమిస్తుంది. అలాగే ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిపి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెర మీద రూపం ఒకటే, బైట్లు వేరు.

ఖాళీలను పట్టించుకోవద్దని చెప్పే ఆప్షన్ ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే అది స్పేసులకు, ట్యాబులకు మాత్రమే వర్తిస్తుంది. ఫజ్ కూడా ఆదుకోదు. అది అంచుల్లోని ఆనవాళ్లనే సడలిస్తుంది గానీ, మైనస్ గుర్తు ఉన్న లైను మాత్రం మీ ఫైలులో ఉన్నది ఉన్నట్టుగా దొరకాలి. ఆమె ఏ ప్రతి మీద పనిచేశారో ఆ ప్రతినే అడిగి తెప్పించుకుని, దానికి ప్యాచ్ అప్లై చేసి, వచ్చిన ఫైలును మీ ఫైలుతో విన్‌మెర్జ్‌లో కలపడమే మేలు. ఒకే ఐత్వ రూపాన్ని వాడాలని బృందమంతా ముందే అనుకుంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

ఒకటి రెండు భాగాలు కాక అన్నీ విఫలమై, పక్కన ‘డిఫరెంట్ లైన్ ఎండింగ్స్’ అని వస్తే అది వేరే సంగతి: ఒక ఫైలు విండోస్ పద్ధతిలో, రెండోది లినక్స్ పద్ధతిలో లైన్లను ముగిస్తున్నాయి. ప్యాచ్‌లో అంతా చెత్తే ఉందన్న సందేశం వస్తే, పంపినవారు విండోస్ పవర్‌షెల్‌లో ‘>’ గుర్తుతో దాన్ని సేవ్ చేశారేమో కనుక్కోండి, 5.1 వెర్షన్‌లో అలా చేస్తే ఫైలు యూటీఎఫ్-16 అనే వేరే పద్ధతిలో తయారవుతుంది.

ప్రశ్న: ప్యాచ్ ప్రోగ్రామ్‌ను నడిపితే అది ‘రివర్స్‌డ్ ఆర్ ప్రీవియస్లీ అప్లైడ్ ప్యాచ్’ అని చెప్పి -ఆర్ (అంటే ప్యాచ్‌ను తిరగేసి అప్లై చేయడం) అనుకోమంటావా అని అడుగుతోంది. అవునని చెప్పవచ్చా?
— ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: చెప్పవద్దు. ఆ మార్పులు మీ ఫైలులో ఇప్పటికే ఉన్నాయని దాని అనుమానం, అది చాలావరకు నిజమే అయి ఉంటుంది. అవునంటే వాటిని వెనక్కి తీసేస్తుంది. ‘ఎన్’ నొక్కి ఆపి, ప్లస్ గుర్తున్న లైన్లు ఫైలులో ఉన్నాయేమో చూడండి; ఉంటే ఇక చేయవలసిన పనేమీ లేదు.