వచ్చిన మొదటి వారంలోనే పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టుకోండి

అమెరికాలో దిగిన నెలలోపే బ్యాంకు, ఫోన్, అపార్ట్‌మెంట్ అద్దె, కరెంటు, యూనివర్సిటీ మెయిల్, ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే ప్రభుత్వ శాఖ యూఎస్‌సీఐఎస్ అంటూ పది అకౌంట్లు తెరుస్తాం. చాలామంది అన్నిటికీ ఊరి నుంచి తెచ్చుకున్న ఒకటే పాస్‌వర్డ్ పెడతారు. నేనూ అలాగే పెట్టాను. ఒక షాపింగ్ సైటు నుంచి పాస్‌వర్డ్‌లు లీకయ్యాయి, అదే పాస్‌వర్డ్‌తో ఎవరో నా మెయిల్లోకి వచ్చేశారు. మెయిల్ చిక్కితే 'ఫర్గాట్ పాస్‌వర్డ్' నొక్కి మిగతావన్నీ లాక్కోవచ్చు. ఆ రాత్రి మా ఆవిడా నేనూ తెల్లారేదాకా ఒక్కో అకౌంటూ మార్చుకుంటూ కూర్చున్నాం. ఆ టెన్షన్ మీకు వద్దు.

లీకులు ఆపడం మన చేతిలో లేదు. 2017లో జనం అప్పుల రికార్డులు ఉంచే క్రెడిట్ బ్యూరో ఈక్విఫాక్స్ నుంచి దాదాపు 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోయాయి, ఎంతోమంది సోషల్ సెక్యూరిటీ నంబర్లతో (ఎస్సెస్సెన్, అమెరికా ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు) సహా. ఒకచోట పోయిన పాస్‌వర్డ్ ఇంకోచోట పనికిరాకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలో ఉంది. దానికే పాస్‌వర్డ్ మేనేజర్. బిట్‌వార్డెన్ లాంటివి ఉచితంగానే దొరుకుతాయి. ప్రతి సైటుకూ వేరే పాస్‌వర్డ్ అదే తయారుచేసి దాచిపెడుతుంది. పైగా సైటు అడ్రసు సరిపోతేనే నింపుతుంది. వీసా పేరుతో దొంగ లింకు వచ్చి మన కళ్లు మోసపోయినా అది మోసపోదు. నింపలేదంటే చేత్తో టైపు చేయకుండా ముందు అడ్రసు చూడండి.

అన్నీ ఒకేచోట పెడితే అదే పోతే ఎలా అని అడుగుతారు. భయపడాల్సిందే. 2022లో లాస్ట్‌పాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ కస్టమర్ల వాల్టుల (పాస్‌వర్డ్‌లు దాచే పెట్టెల) కాపీలను దొంగలు ఎత్తుకెళ్లారు. లోపలి పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి (చదవలేని రూపంలో) ఉన్నా, వాల్టు తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ బలహీనంగా ఉన్నవాళ్లకు ముప్పు తప్పలేదు. అందుకే మాస్టర్ పాస్‌వర్డ్‌గా పొంతనలేని అయిదారు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి పెట్టుకోండి. పాట పల్లవి, పద్యపాదం వద్దు, అవి ఊహించగలరు. అది మర్చిపోతే కంపెనీవాళ్లు కూడా చెప్పలేరు కాబట్టి కాగితం మీద రాసి పాస్‌పోర్టుతో పాటు దాచండి. రెండో తాళంగా ఫోన్లో లాగిన్ కోడ్ ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ కూడా పెట్టండి.

రూమ్మేటుకైనా, కన్సల్టెన్సీవాళ్లకైనా మీ యూఎస్‌సీఐఎస్ పాస్‌వర్డ్ ఇవ్వకండి. ఎస్సెస్సెన్ వచ్చి, క్రెడిట్ హిస్టరీ మొదలయ్యాక ఈక్విఫాక్స్ లాంటి మూడు క్రెడిట్ బ్యూరోల్లోనూ క్రెడిట్ ఫ్రీజ్ (మన పేరుతో వేరేవాళ్లు కొత్త అప్పు తీసుకోకుండా వేసే తాళం) చేయండి. 2018 నుంచి ఇది ఉచితం. కారు లోను కావాలంటే అప్పటికి ఆ ఫ్రీజ్ తీసేసుకోవచ్చు.

ఇండియా బ్యాంకు ఓటీపీలు చాలావరకు అక్కడి సిమ్‌కే వస్తాయి. దాని రీచార్జ్ ఆపకండి. ఎంత మంచి పాస్‌వర్డ్ ఉన్నా, ఆ నంబరు వేరేవాళ్లకు వెళ్లిపోతే మన డబ్బు మనం తీసుకోవడానికి బ్యాంకు బ్రాంచి చుట్టూ తిరగాల్సి వస్తుంది.