కరివేపాకు మొక్క మీద పిట్టరెట్టలా కనిపించే పురుగు ఏమిటి?

అది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల. పిట్టలు దాన్ని రెట్ట అనుకుని వదిలేస్తాయి, అదే దాని ఎత్తు. తల్లి లేత ఆకుల మీద ఒక్కో గుడ్డు చొప్పున, లేత పసుపు రంగులో, ఆవగింజంత పెడుతుంది. నిమ్మ, బత్తాయి, మారేడు, కరివేపాకు, ఏదైనా సరే. మూడు నాలుగు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది.

నాలుగు సార్లు కుబుసం విడిచాక రెట్ట వేషం పోయి ఆకుపచ్చగా మారుతుంది. ఇప్పుడు దాన్ని పుల్లతో తాకి చూడండి: తల వెనక నుంచి నారింజ ఎరుపు రంగులో చీలిన కొమ్ములాంటిది బయటికి వస్తుంది, దాంతోపాటు ఘాటు వాసన! చీమలకీ సాలీళ్లకీ అదే బెదిరింపు.

తర్వాత నడుముకు పట్టుదారం చుట్టుకుని కొమ్మకు వేలాడుతూ కదలని గూడు (ప్యూపా)గా మారుతుంది. ఆ గూడు చుట్టుపక్కల రంగును బట్టి పచ్చగానో గోధుమరంగులోనో ఉంటుంది. వారం పది రోజులకు పెద్ద సీతాకోకచిలుక వస్తుంది: నల్లటి రెక్కల నిండా పసుపు మచ్చలు, వెనక రెక్కల మీద చెరో ఎర్ర మచ్చ, రెక్కలు చాపితే 8 నుంచి 10 సెంటీమీటర్లు. తోకరెక్కల కుటుంబమే అయినా దీనికి తోక ఉండదు.

ముదురు కరివేపాకు చెట్టయితే మందు కొట్టకండి, తట్టుకుంటుంది. చిన్న మొక్కయితే పురుగుల్ని చేత్తో ఏరేస్తే చాలు.