గంజాయి నూనె వద్దండీ, ముందు సాయంత్రం కాఫీ మానేయండి

రాత్రి ఒంటిగంట దాకా నిద్ర పట్టట్లేదన్నారు, సాయంత్రం ఆరింటికి కాఫీ తాగుతానన్నారు. మెదడే గంజాయి లాంటి పదార్థాలు తయారుచేసుకుంటుంది కదా, ఆ నూనె వాడొచ్చా అని అడిగారు. వద్దండీ.

నాడీకణాలకు తోడుండే ఆస్ట్రోసైట్లనే కణాలు ఏటీపీని (కణాలకు శక్తినిచ్చే పదార్థాన్ని) విడుదల చేస్తాయి. అది విడిపోయి అడెనోసిన్ అవుతుంది. మెలకువగా ఉన్నకొద్దీ అడెనోసిన్ పేరుకుంటుంది, నిద్ర ముంచుకొస్తుంది. 2009లో ఎలుకల్లో ఈ విడుదలను అడ్డుకుంటే, నిద్ర లేకుండా ఉంచినా ఆ తర్వాత వాటికి మామూలుగా రావలసినంత నిద్ర రాలేదు. కాఫీలోని కెఫీన్ సరిగ్గా అడెనోసిన్ అతుక్కోవాల్సిన చోటే తిష్ఠ వేస్తుంది. ఆరింటికి తాగితే పదకొండింటికి కూడా చాలామందిలో దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది!

ఇక మెదడే తయారుచేసుకునే ఆ గంజాయి లాంటి పదార్థాలు, అంటే ఆనందమైడ్, 2-ఏజీ. వీటి గ్రాహకాలు, అంటే ఇవి అతుక్కునే చోట్లు, ఆస్ట్రోసైట్ల మీదా ఉన్నాయి. కానీ మెదడు వీటిని కావలసిన చోట, కావలసినంతే తయారుచేసుకుని వెంటనే విరగ్గొట్టేస్తుంది. నూనెలో టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) ఉంటే అది మెదడంతా వ్యాపిస్తుంది, గంటల తరబడి ఉంటుంది. రోజూ వాడి ఆపేస్తే నిద్ర ఇంకా చెడొచ్చు, కలతకలలు రావచ్చు.

రెండు వారాలు మధ్యాహ్నం పన్నెండు దాటాక కాఫీ, టీ ముట్టుకోకండి. అప్పటికీ పట్టకపోతే, లేదా గురక ఎక్కువైతే, డాక్టరుకు చూపించుకోండి.