ఫెయిర్‌బ్యాంక్స్ బయలుదేరుతున్న మేనకోడలికి

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "నీ మేనకోడలు కూడా నీ దారే పట్టింది. అలాస్కాలో సీటొచ్చింది, పర్మాఫ్రాస్ట్, అదే ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉండే నేల, దాని మీద పీహెచ్‌డీ అంట" అన్నాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ వెనకే గుండె దడ మొదలైంది. ఇక నిద్ర పట్టక నాలుగింటికే లేచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

చలి గురించి అందరూ చెప్తారు కాబట్టి నేను ఎక్కువ చెప్పను. కోటు ఇక్కడ కొనొద్దు, అక్కడికి వెళ్లాకే కొనుక్కో. డి విటమిన్ మాత్రలు మానొద్దు. కారు కొంటే రాత్రిపూట ఇంజిన్ హీటర్ ప్లగ్గు పెట్టడం మర్చిపోకు. ఫీల్డుకి పెన్ను వద్దు, సిరా గడ్డకడుతుంది, పెన్సిలే తీసుకెళ్లు. బ్యాటరీలు లోపలి జేబులో ఒంటికి ఆనేలా పెట్టుకో. యూనివర్సిటీ ముందు టెంపరేచర్ చూపించే బోర్డు ఉంటుంది. మైనస్ 40 పడగానే పిల్లలు ఈత బట్టలతో దాని ముందు ఫోటోలు దిగుతారు. నువ్వు కోటు విప్పావని తెలిస్తే మాత్రం ఊరుకోను. రెంటచింతల ఎండల్లో పెరిగిన ఒళ్లు మనది, దానికి కాస్త టైమివ్వాలి.

ఇల్లు గుట్ట మీద చూసుకో. చలికాలంలో చల్లగాలి బరువెక్కి లోయలోకి దిగి కూర్చుంటుంది. కింద ఊళ్లో పొగమంచు కమ్మి ఊపిరాడని రోజు, పైన పది డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. అద్దె తక్కువని చాలామంది స్టూడెంట్లు నీళ్ల కుళాయి లేని చెక్క ఇళ్లల్లో ఉంటారు. నేనూ రెండేళ్లు ఉన్నాను. వారానికి సరిపడా నీళ్లు క్యాన్లలో తెచ్చుకునేదాన్ని. చిన్నప్పుడు మంచినీళ్ల బావి నుంచి బిందె మోసిన చేతులు కాబట్టి నాకది కష్టమనిపించలేదు. నీకు అలవాటు లేదు. వంద డాలర్లు ఎక్కువైనా కుళాయి ఉన్న ఇల్లే తీసుకో, మీ నాన్నకి నేను చెప్తాను.

నువ్వు వెళ్లేది మారుమూల కాలేజీకి అని బంధువులు ఎవరైనా అంటే పట్టించుకోకు. అది 1917లో వ్యవసాయం, గనుల కాలేజీగా పుట్టింది, 1922లో పాఠాలు మొదలయ్యాయి. అది ఉన్న గుట్టని అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ అక్కడి ఆదివాసులైన అథబాస్కన్ జనం ట్రోత్ యెద్దా అంటున్నారు. అడవి దుంపలు దొరికే గట్టు అని. ముందు ఆ పేరు నేర్చుకో. జియోఫిజికల్ ఇన్‌స్టిట్యూట్ 1946 నాటిది. ఊరికి యాభై కిలోమీటర్ల దూరంలో పోకర్ ఫ్లాట్ దగ్గర యూనివర్సిటీకి రాకెట్లు వదిలే సొంత కేంద్రం ఉంది. ఉత్తరాన రాత్రి ఆకాశంలో మెరిసే ధ్రువకాంతి లోపలికి రాకెట్ పంపి కొలుస్తారు. ఆ కాంతి గురించి లోకానికి కొత్త సంగతి చెప్పిన అకసోఫు 1958లో జపాన్ నుంచి నీలాగే స్టూడెంట్‌గా వచ్చినవాడు. పలు చోట్ల నుంచి ఆకాశం మొత్తాన్నీ తీసిన ఫోటోలు పక్కపక్కన పెట్టి చూసి, ఆ కాంతి ఎలా చెలరేగి ఎలా సర్దుకుంటుందో 1964లో రాశాడు. ఒక్కచోట నిలబడి తలెత్తి చూసేవాళ్లకి అది దొరకదు. ఈ మాట గుర్తుపెట్టుకో, నా సంగతికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

వెళ్లిన మొదటి నెలలోనే వీలు చేసుకుని ఊరి పక్కన ఫాక్స్ అనే చోటున్న సొరంగం చూడు. సైన్యం వాళ్లు 1960లలో గడ్డకట్టిన నేలలోకి తవ్వినది. గోడల్లోంచి వేల ఏళ్ల నాటి ఎముకలు, వేళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. వాన నీళ్లు దిగిన గడ్డివాము అడుగు తీస్తే వచ్చే వాసన వస్తుంది లోపల. కుళ్లాల్సినదంతా కుళ్లకుండా ఆగిపోయిన వాసన అది. ఉత్తరాది నేలల్లో గాలిలో ఉన్నదానికి దాదాపు రెండింతల కార్బన్ ఇలా దాగి ఉందని పుస్తకంలో చదవడం వేరు, ఆ వాసన పీల్చడం వేరు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మీ నాన్నకి కూడా ఇది పూర్తిగా తెలియదు.

1989లో ఉత్తరం వైపు వాలులో, నల్ల స్ప్రూస్ చెట్ల మధ్య నాకొక ప్లాటు ఇచ్చారు. వేసవిలో పైపైన కరిగే మట్టి ఎంత లోతుందో కొలవడం నా పని. చేతిలో మీటరున్నర ఉక్కు కడ్డీ, దాని మీద ఆకురాయితో గీసిన సెంటీమీటర్ గుర్తులు. నాచులోంచి దింపుతూ పోతే మెత్తగా దిగి దిగి ఒక్కసారిగా ఠక్కుమని ఆగుతుంది. కింద మంచు. ఆ దెబ్బ మోచేతి దాకా తెలుస్తుంది. జెండాలు పాతిన నలభై చోట్ల అలా దింపి రాసుకోవాలి. వారం వారం వెళ్లేదాన్ని, దోమలు మూగుతున్నా ఒక్క వారం మానలేదు.

మూడో వేసవికి మొదటి వరసలో లోతు జానెడు పెరిగింది. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. వేడెక్కుతున్న భూమిని నా కడ్డీతో పట్టుకున్నాననుకున్నాను. ఒక మీటింగుకి పేపరు కూడా పంపాను. ఒకరోజు మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుకుని కూర్చుంటే నా ఎదురుగా చెట్ల మధ్య సన్నగా నీళ్లు మెరిశాయి. కాలవలా వంకర తిరిగి రోడ్డు దాకా పోయింది. లేచి చూస్తే అది నేను వారం వారం నడిచే దారి. సామాన్ల పెట్టె దగ్గరికి వెళ్లేందుకు దగ్గరని మొదటి వరస పక్కనే నడిచేదాన్ని.

నాచు ఆ నేలకి బొంత లాంటిది. ఎండాకాలం ఎండిన నాచు వేడిని కిందికి పోనివ్వదు. నేను దాన్ని రెండున్నరేళ్లు తొక్కి తొక్కి చదును చేశాను. నీళ్లు నిలిచాయి, వేడి దిగింది, కింద మంచు కరిగింది. అక్కడి మంచు సున్నాకి ఒకటి రెండు డిగ్రీల కిందే ఉంటుంది, దానికి అంత చాలు. పది అడుగుల అవతల ఎవరూ తొక్కని చోట కడ్డీ దింపాను. అక్కడ జానెడు తక్కువ లోతులోనే ఠక్కుమంది. అంటే నేను కొలిచింది వాతావరణాన్ని కాదు, నా అడుగుల్నే. తర్వాత తెలిసింది, చలికాలంలో పైన కురిసిన మంచు మీద నడిచినా లెక్క తప్పుతుందని. వదులుగా ఉన్న మంచు తొక్కితే గట్టిపడి, వెచ్చదనం ఆపలేక నేల మరీ చల్లబడుతుంది.

తప్పు ఇదీ కాదమ్మా. కొత్తగా పని నేర్చుకునేవాళ్లకి ఇలాంటిది జరుగుతుంది. అసలు తప్పు, ఆ తర్వాత మూడు నెలలు ఎవరికీ చెప్పకపోవడం. స్కాలర్‌షిప్ ఆపేస్తారేమోనని భయం. తాతయ్య నాకోసం అరెకరం అమ్మిన సంగతి నీకు తెలుసు. ఇంటికి రాసే ప్రతి ఉత్తరంలో "ఇక్కడ అంతా కుశలం, పని బాగా సాగుతోంది" అని రాశాను. ఆ మూడు నెలల్లో ఇంకో స్టూడెంట్ నా అంకెలు తీసుకుని తన మోడల్‌లో పెట్టుకున్నాడు. నన్ను నమ్మాడు. అతని వేసవి మొత్తం నా మూలంగా పోయింది. ముప్పై ఏళ్లు దాటినా అది మాత్రం నాకు మింగుడుపడదు.

సెప్టెంబర్‌లో ప్రొఫెసర్ గదికి వెళ్లి చెప్పేశాను. ఆయన అరవలేదు. "నీకు ఎప్పుడు తెలిసింది?" అని ఒక్కటే అడిగారు. జూన్‌లో అని చెప్పడానికి నోరు పెగల్లేదు. మొదటి వరస లెక్కలన్నీ తీసేశాం, పేపరు వెనక్కి తీసుకున్నాం, నా డిగ్రీ ఏడాదిన్నర వెనక్కి పోయింది. ఆ శనివారం ఆయనే ట్రక్కులో చెక్క పలకలు వేసుకొచ్చారు. ఇద్దరం మోసి దారి పొడుగునా పరిచాం.

అందుకే నువ్వు ముందు పలకలు పరుచు, తర్వాతే కడ్డీ దింపు. కాలు పెట్టని చోటు ఒకటి పక్కన ఉంచుకో, దాంతో పోల్చి చూడు. ప్రతిసారీ ఎటు నుంచి వెళ్లావో నోట్‌బుక్‌లో గీసుకో. అంకె తేడాగా కనిపిస్తే అదే రోజు చెప్పు, మర్నాటికి ఆపకు.

నాకు చలికన్నా ఎక్కువ భయం నీ మంచితనమంటేనే. మన ఇంట్లో ఆడపిల్లలం ఫోన్ ఎత్తగానే "బాగున్నాను" అనేస్తాం. డిసెంబర్ 21న అక్కడ పొద్దు పదకొండుకి పొడిచి మూడు కాకముందే గుంకుతుంది. నా మొదటి చలికాలం నేను స్నానం మానేశాను, వంట మానేశాను, పగలంతా పడుకునేదాన్ని. కుశలమనే రాశాను. ఇంట్లో ఎవరికీ తెలియలేదు. తెలియనివ్వలేదు.

నా ఫీల్డు నోట్‌బుక్ మీ నాన్నకిచ్చి పంపుతున్నాను. జూన్ పేజీలో మొదటి వరస అంకెల మీద పెన్సిల్‌తో గీత ఉంటుంది, పక్కన తేదీ సెప్టెంబర్‌ది ఉంటుంది. చూసుకో.

చలికాలంలో నీకక్కడ సాయంత్రం నాలుగైతే ఇక్కడ మర్నాడు పొద్దున ఆరున్నర. అప్పటికి నేను కాఫీ పెట్టుకుని వరండాలో కూర్చుని ఉంటాను. నిద్ర పట్టలేదంటే పట్టలేదనే చెప్పు. ఏమీ మాట్లాడాలనిపించకపోయినా ఫోన్ చెయ్యి, లైన్లో ఉంటాను.

మీ అత్త