రెండు కుర్చీల్లోనూ నువ్వే కూర్చుంటావా?

చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు సొంతంగా సినిమా తీస్తున్నావని, డైరెక్షన్ కూడా నీదేనని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడి గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. నాకు మాత్రం ముందు గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు. పక్కింటాయనకు కూడా చెప్పేశాను. రాత్రి పడుకున్నాక భయం మొదలైంది. పాతకాలం ప్రొడక్షన్ మేనేజర్‌ని కదా, ఎవరు సినిమా తీస్తామన్నా నాకు ముందు వడ్డీ కాగితమే కళ్ల ముందుకొస్తుంది. పోస్టర్ ఆ తర్వాతే.

నీకు తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. టైటిల్ ఫిల్మ్ ఛాంబర్‌లో రిజిస్టర్ చేయించు. రైటర్‌తో, మ్యూజిక్ డైరెక్టర్‌తో నోటిమాట వద్దు, అగ్రిమెంటు రాసుకో. పబ్లిసిటీ డబ్బు షూటింగ్ ఖర్చుల్లో కలపకు. ఓటీటీ వాళ్లు సంతకం పెట్టేదాకా ఆ డబ్బు నీ లెక్కల్లో రాయకు. లంచ్ ఆలస్యం కానివ్వకు, యూనిట్ ఏదైనా భరిస్తుంది గానీ ఆకలిని భరించదు.

ఇక అసలు సంగతి. అడగడం డైరెక్టర్ పని. ఇంకో రోజు కావాలంటాడు, క్రేన్ కావాలంటాడు, అనాలి కూడా. కాదనడం నిర్మాత పని. ఇద్దరూ ఒకరే అయితే కాదనేవాళ్లెవరు?

మద్రాసులో నేను ఒక డైరెక్టర్‌గారి దగ్గర పనిచేశాను. పేరు రాయను, పిల్లలు నొచ్చుకుంటారు. బయటి నిర్మాతలకు తీసినన్నాళ్లూ, ఆయన వాన పాట అడిగితే నిర్మాత కుదరదనేవాడు. ఈయన కాసేపు అలిగి, హీరోయిన్‌ని వసారాలో కూర్చోబెట్టి, చూరు నీళ్లతో పాటంతా లాగించేవాడు. జనానికి ఆ పాటే గుర్తుండిపోయేది. సొంత బ్యానర్ పెట్టాక మళ్లీ వాన పాటన్నాడు. ఎవరూ ఆపలేదు. స్టూడియో ఫ్లోర్ అద్దెకు తీసుకుని సెట్ వేశాం. తీసిన రష్ ఫిల్ము వేసి చూసి చీర రంగు కుదరలేదని మళ్లీ తీశాడు. ఈలోగా హీరోగారు మాకిచ్చిన కాల్షీట్ల రోజులు అయిపోయి, ఆయన ఇంకో సినిమాకు వెళ్లిపోయాడు. సెట్ అలాగే ఉంది, ఫ్లోర్ అద్దె రోజూ కడుతున్నాం, వడ్డీకి ఆదివారాలుండవు. హీరో తిరిగొచ్చేసరికి ఆ రెండో సినిమా కోసం జుట్టు కత్తిరించుకుని ఉన్నాడు. నవ్వకు. అప్పుడు మేమూ నవ్వాం.

ఆ రోజుల్లో ఫైనాన్షియర్లు ల్యాబ్ లెటర్ తీసుకునేవాళ్లు. బాకీ తీరిందని వాళ్లు చెబితే తప్ప ల్యాబ్ ప్రింట్లు బయటికి వదిలేది కాదు. విడుదలకు ముందు రాత్రి ప్రింట్ల పెట్టెలన్నీ ల్యాబ్‌లోనే, డిస్ట్రిబ్యూటర్ల మనుషులు గేటు దగ్గర రైలు టైము చూసుకుంటూ నిలబడ్డారు. మా డైరెక్టర్‌గారు నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ) ఏరియాల హక్కులు రెండూ ఫైనాన్షియర్లకే రాసిచ్చి పెట్టెలు విడిపించుకున్నాడు. సినిమా బాగానే ఆడింది, తల్లీ! ఆడిన డబ్బు ఆయన ఇంటికి రాలేదు, అంతే.

పైగా బ్యానర్ ఆయన భార్య పేరు మీద ఉంది. ప్రామిసరీ నోట్లన్నిటి మీదా ఆవిడ సంతకమే, ఏం రాసుందో ఆవిడకు ఎవరూ చెప్పలేదు. కోర్టు నోటీసులు ఆవిడ పేరునే వచ్చాయి. బాకీ కోసం వచ్చి హాల్లో కూర్చున్న వాళ్లకు ఆవిడే కాఫీ ఇచ్చేది. చివరికి ఇల్లు పోయింది.

నువ్వూ బ్యానర్ మీ అమ్మ పేరు మీద పెడుతున్నావట. తెర మీద అమ్మ పేరు ఎంత పెద్ద అక్షరాలతోనైనా వేసుకో. కాగితాల మీద మాత్రం వద్దు. అమ్మ చేత హామీ సంతకం పెట్టించమని ఎవరన్నా అంటే లేచి వచ్చెయ్. ఇంటి కాగితాలు బయటికి తీశావో, నేనే వచ్చి షూటింగ్ ఆపిస్తాను. మీ తాతయ్య కట్టించిన ఇల్లది.

ఆడపిల్లవని వెనక్కి లాగుతున్నాననుకోకు. భానుమతిగారు 1953లోనే ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీల్లో డైరెక్ట్ చేశారు. విజయనిర్మలగారు నలభైకి పైగా సినిమాలు డైరెక్ట్ చేసి గిన్నిస్‌కెక్కారు. కానీ సావిత్రిగారు 1971లో తమిళంలో ‘ప్రాప్తం’ తానే నిర్మించి, తానే డైరెక్ట్ చేసి బాగా నష్టపోయారు. అంతటి మనిషి! నిర్మాత రామానాయుడుగారు 1964లో వచ్చిన ‘రాముడు భీముడు’ నుంచి గిన్నిస్ రికార్డు దాకా వెళ్లారు, డైరెక్టర్ కుర్చీ మాత్రం ఇతరులకే ఇచ్చారు. డైరెక్టర్ కె.వి.రెడ్డిగారైతే స్క్రిప్టు దశలోనే స్టాప్‌వాచ్ పట్టుకుని ఏ సీను ఎంతసేపో తేల్చేసేవారు. కాదనాల్సినవన్నీ కాగితం మీదే కాదనుకుంటే సెట్లో గొడవుండదు.

అంచేత జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకో. స్నేహితులొద్దు. చెక్కు మీద నీతోపాటు ఆ మనిషి సంతకమూ ఉండాలి. నీ కథ అంతగా నచ్చని వాళ్లయితే మరీ మంచిది. నువ్వు వాళ్లను తిట్టుకుంటావు, తిట్టుకో.

నా ఫిక్స్‌డ్ డిపాజిట్ సంగతి అడగకు, అది మీ పెద్దమ్మ చేతుల్లో ఉంది. బడ్జెట్ కాగితాలు, షెడ్యూలు మాత్రం పంపు, ఊరికే చూసిపెడతాను. వీలైతే ఆదివారం భోజనానికి వచ్చి కథ చెప్పు. మీ పెద్దమ్మ కూడా వింటానంటోంది. సెకండాఫ్‌లో ఆవిడ కునుకు తీసిందంటే ఎక్కడ తీసిందో గుర్తుపెట్టుకో, అక్కడ కత్తిరించొచ్చు.

మీ పెదనాన్న