మందు మారింది, మనసు కుదుటపడటం లేదు

ప్రశ్న: ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరేళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. రెండు నెలల క్రితం నైట్ డ్యూటీలో, ఒకే పేరున్న ఇద్దరు పేషెంట్లలో ఒకరి బీపీ మాత్రను పొరపాటున మరొకరికి ఇచ్చాను. గుర్తించిన వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పాను. ఆమెకు బీపీ పడిపోయింది గానీ, సెలైన్ పెట్టి చూసుకోవడంతో మర్నాటికి కోలుకున్నారు. నాకు మెమో ఇచ్చారు. అయినా నిద్ర పట్టడం లేదు. ఇంటికి వచ్చాక కూడా అనుమానంతో వార్డుకు ఫోన్ చేస్తున్నాను. ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ అడగనా? ఉద్యోగమే మానేయనా?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: పొరపాటు తెలిసిన క్షణంలోనే డాక్టరుకు చెప్పి ఆ రోగిని కాపాడుకున్నారన్న సంగతిని మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేశారు. దాచి ఉంటే ఏమయ్యేదో మీకే బాగా తెలుసు.

ఇలాంటి ఘటనల్లో రోగి మొదటి బాధితుడైతే, పొరపాటు చేసిన వైద్యుడో నర్సో రెండో బాధితులవుతారని ఆల్బర్ట్ వూ అనే అమెరికా వైద్యుడు 2000లో రాశారు. నష్టపోయిన కుటుంబాలకు ఈ మాట రుచించలేదు, వారి అభ్యంతరంలో న్యాయం ఉంది. అయితే మీరు పడుతున్న బాధ కొత్తదీ వింతదీ కాదని మాత్రం దీనివల్ల తెలుస్తుంది. మిస్సోరీ విశ్వవిద్యాలయంలో సుసాన్ స్కాట్ బృందం ఇలాంటి 31 మందితో మాట్లాడి 2009లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, చివరికి కొందరు ఆ పని వదిలేస్తారు, కొందరు లోలోపల నలుగుతూనే నెట్టుకొస్తారు, కొందరు ఆ అనుభవంతో పనితీరు మార్చుకుంటారు. మీరిప్పుడు రెండో కోవలో ఉన్నారు. అక్కడి నుంచి మొదటి కోవలోకి జారే నిర్ణయం నిద్రలేని రోజుల్లో తీసుకోకండి.

క్షమాపణ కోరాలనుకోవడం మంచిదే. కానీ చెప్పాపెట్టకుండా ఇంటికి వెళితే, కోలుకుంటున్న మనిషి చేత మిమ్మల్ని ఓదార్పించుకున్నట్లవుతుంది. జరిగినది ఆమెకు చెప్పారో లేదో ముందు మీ నర్సింగ్ సూపరింటెండెంట్‌ను అడగండి. చెప్పకపోతే చెప్పవలసిన బాధ్యత ఆసుపత్రిదని నిలదీసే హక్కు మీకుంది. వారు మాట్లాడేటప్పుడు పక్కన ఉండి మీ నోటితో ఒక్కసారి చెప్పండి, చాలు.

ఇక ఫోన్ల సంగతి. భయంతో పదిసార్లు చూసుకోవడం జాగ్రత్త అనిపించుకోదు. మాత్ర ఇచ్చే ముందు "మీరు లక్ష్మిగారేనా?" అంటే మగతలో ఉన్నవారు ఎవరైనా ఊఁ అంటారు, "మీ పేరేమిటి?" అని అడిగి, చేతి పట్టీ మీది ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరును చార్టుతో సరిచూసి, సంతకం చేశాక ఆ పని అక్కడితో ముగిసిందనుకోండి. ఇంటి నుంచి ఫోన్ చేయాలనిపించినప్పుడు ఆ సంతకాన్ని గుర్తుచేసుకుని, ఒక అరగంట ఆగి చూడండి. ఒకే పేరున్నవారిని పక్కపక్క మంచాల మీద ఉంచకుండా చూడమని వార్డు ఇన్‌ఛార్జికి రాసివ్వండి. మెమో మీ ఒక్కరికే వచ్చినా, తప్పుకు దారి వేసిన ఏర్పాటు మీ ఒక్కరిది కాదు.

నిద్రలేమి రెండు నెలలుగా ఉంది కాబట్టి మానసిక వైద్యులను కలవడం ఆలస్యం చేయకండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. ఈలోగా కొన్ని వారాలు డే డ్యూటీ అడగండి, కానీ వార్డు మాత్రం మార్పించుకోకండి. మందులిచ్చే వేళకు మీకు నమ్మకమున్న సీనియర్‌ను పక్కన ఉండమనండి.