వరదలో ముందు ఏరవలసిన ఉత్తరం

గుణుపురం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

మొన్న రాత్రి నుంచి నీ మెయిల్‌లోకి గంటకు వందల చొప్పున ముక్కూ మొహం తెలియని వారి ఉత్తరాలు వచ్చి పడుతున్నాయనీ, కొమ్ము దువ్వెనలకూ బొమ్మలకూ వచ్చిన ఆర్డర్లు వాటి మధ్య ఎక్కడున్నాయో కనపడడం లేదనీ, విసుగెత్తి అన్నిటినీ ఒక్కసారిగా తుడిచిపెట్టాలని చూస్తున్నావనీ అక్క ఫోనులో చెప్పింది. ఆ పని చేయవద్దు. మిగిలిన లేఖ తీరిగ్గా చదివినా ఫరవాలేదు గాని, ఈ మాట మాత్రం ఇప్పుడే విను.

రోజుకు పదో ఇరవయ్యో వచ్చే చెత్త వేరు, ఒక్క రాత్రిలో విరుచుకుపడే వరద వేరు. మొదటిది అమ్ముకునేవాడి గోల. 1978 మే 3న అమెరికాలో గ్యారీ థర్క్ అనే కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి తమ యంత్రాల ప్రదర్శనకు రమ్మని, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకే ఉత్తరం పంపిన నాటి నుంచీ అది ఉన్నదే. రెండవదాని వెనుక మాత్రం చాలాసార్లు దొంగ ఉంటాడు. నీ కార్డుతో వాడు ఏదో కొంటాడు, లేదా నీ ఖాతా ఒకదాని పాస్‌వర్డ్ మారుస్తాడు. ఆ సంగతి తెలిపే మెయిల్ నీకు రాకుండా ఆపడం వాడి చేతిలో లేదు కనుక, ఒక ప్రోగ్రాము సాయంతో నీ చిరునామాను వందల వేల వెబ్‌సైట్ల చందా పట్టికల్లో చేర్పించి, "మాతో చేరినందుకు ధన్యవాదాలు" అనే ఉత్తరాల కింద ఆ ఒక్కదానినీ కప్పెడతాడు. ఇవి పంపేవారిలో ఎక్కువ భాగం నిజమైన సంస్థలే కావడం వల్ల స్పామ్ జల్లెడ కూడా వీటిని అంత సులభంగా పట్టుకోలేదు.

పోస్టాఫీసులో ఏళ్ళ తరబడి టపా విడదీసినవాణ్ణి, సంక్రాంతి గ్రీటింగు కార్డుల గుట్టలో ఎవరి ఇంటర్వ్యూ కాగితమూ మునిగిపోకూడదని సర్కారు కవర్లను ముందే ఏరి పక్కన పెట్టినవాణ్ణి, నా సొంత మెయిల్ దగ్గరకు వచ్చేసరికి ఆ బుద్ధి మరిచాను. నాలుగేళ్ళ క్రితం నీకు వచ్చినట్టే వరద వస్తే, ఒక పూటంతా కూర్చుని ఆరు వందల ఉత్తరాలు తుడిచి, ఇల్లు కడిగినంత సంతోషంగా నిద్రపోయాను. వాటిలో నా కార్డు మీద 18,400 రూపాయల ఫోను కొన్నట్టు వచ్చిన ఉత్తరం కూడా పోయింది. పాస్‌బుక్ వేయించుకున్న రోజున గాని ఆ సంగతి తెలియలేదు. అప్పటికి నెల దాటింది, బ్యాంకువారు "ఇంత ఆలస్యమా" అన్నారు. తప్పు వారిది కాదు.

అందువల్ల మెయిల్ వైపు చూడకముందే బ్యాంకు యాప్ తెరిచి, వరద మొదలైన గంటకు ముందూ తరువాతా జరిగిన లావాదేవీలు చూడు; నువ్వు సరుకు అమ్మే ఆన్‌లైన్ ఖాతాలో డబ్బు జమయ్యే బ్యాంకు నంబరు మారిందేమో కూడా చూడు. ఆ తరువాత మెయిల్‌లో ఓటీపీ, ఆర్డర్, పాస్‌వర్డ్, డెబిట్ అనే మాటలతోనూ నీ బ్యాంకు పేరుతోనూ వెతుకు. స్పామ్, ట్రాష్ పెట్టెల్లో కూడా. అనుమానం కలిగించే ఉత్తరం దొరికితే అందులోని లింకు నొక్కక, బ్యాంకు సైటుకు నీ అంతట నువ్వే వెళ్ళు. 2025 అక్టోబరు 31లోగా బ్యాంకులు తమ వెబ్ చిరునామాలను డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది కనుక ఆ తోక ఉందో లేదో గమనించు.

డబ్బు పోయినట్టు తేలితే కార్డు ఆపించి వెంటనే 1930కి ఫోన్ చెయ్యి. నీ సిమ్ ఆంధ్రలోని పాతపట్నంలో కొన్నది, ఖాతా ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్నది, ఏ రాష్ట్రం వారిని అడగాలి అని మనవాళ్ళు అన్నిటికీ పడే శంక ఇక్కడ పడవద్దు. ఆ నంబరు దేశమంతటికీ ఒక్కటే. బ్యాంకుకు రాతపూర్వకంగా కూడా తెలుపు. బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ లేకుండా మూడోవారి వల్ల జరిగిన మోసాన్ని మూడు పనిదినాలలోగా తెలియజేస్తే ఖాతాదారు మీద భారం పడకూడదని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు చెప్పింది. నేను పోగొట్టుకున్నది ఆ మూడు రోజులనే.

ఇంకొక మాట. ఈ రోజుల్లో "మీ మెయిల్ సమస్య సరిచేస్తాం, ఈ యాప్ వేసుకోండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే, తెలుగులో మాట్లాడినా ఒడియాలో మాట్లాడినా పెట్టెయ్యి. వరద తెప్పించినవాడే పడవవాడిలా వస్తాడు.

మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల ధ్రువీకరణ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఇంకొక రుజువు కూడా అడిగే ఏర్పాటు, పెట్టుకో. సెట్టింగుల్లో ఫార్వార్డింగ్, ఫిల్టర్లు చూసి, నువ్వు పెట్టనిది ఏదైనా ఉంటే తీసెయ్యి. దొంగ లోపలికి వచ్చి ఉంటే నీ ఉత్తరాలు తనకు చేరేటట్టు అక్కడే ఏర్పాటు చేసుకుంటాడు. ఆ తరువాత "వెల్‌కమ్", "సబ్‌స్క్రిప్షన్" అనే మాటలున్న వాటిని వేరే లేబుల్ కిందికి మళ్ళించే ఫిల్టరు పెట్టు. పేరున్న సంస్థల ఉత్తరాలలో అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కవచ్చు. ఊరూ పేరూ లేనివాటిలో నొక్కితే ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని నువ్వే చెప్పినట్టవుతుంది, వాటిని స్పామ్‌గా గుర్తిస్తే చాలు. బొమ్మల ఫొటోల కింద అందరికీ కనపడేలా పెట్టిన చిరునామా తీసి, ఆర్డర్లకు కొత్తది ఒకటి తెరువు. బ్యాంకుకు ఇచ్చిన చిరునామా దుకాణం బోర్డు మీద ఉండవలసిన అవసరం లేదు.

ఆదివారం రైలుకు నేనే వస్తాను, ఇద్దరం కూర్చుని మిగిలినవి చూద్దాం. ట్రాష్‌లో పడినవి జీమెయిల్‌లో 30 రోజులు ఉంటాయి. అంతవరకు దానిని ఖాళీ చేయవద్దు. పాస్‌బుక్ మాత్రం రేపే వేయించి ఉంచు.

ఇట్లు
మావయ్య